ఐదు గీతల కాగితం: ఎన్‌బీఏ ఎంవీపీ ఎవరో మీరే తేల్చుకోవడం ఎలా

ముందుగా ఒక తెల్ల కాగితం తీసుకుని, ఒకదాని కింద ఒకటిగా ఐదు గీతలు గీసి, వాటి పక్కన వరుసగా 10, 7, 5, 3, 1 అని అంకెలు వేసుకోండి. అమెరికా వృత్తిపరమైన బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ (ఎంవీపీ, అత్యంత విలువైన ఆటగాడు) అవార్డుకు ఓటు వేసే క్రీడా విలేకరులు, వ్యాఖ్యాతలు నింపేది ఇలాంటి బ్యాలెట్‌నే. ఒక్క పేరు రాసి ఊరుకోవడం కుదరదు, ఐదుగురిని వరుసలో పెట్టాలి. మొదటి పేరుకు 10 పాయింట్లు, రెండోదానికి 7, మూడోదానికి 5, నాలుగోదానికి 3, ఐదోదానికి 1 చొప్పున లెక్కగట్టి, అన్ని బ్యాలెట్లూ కలిపాక ఎవరి మొత్తం ఎక్కువగా ఉంటే వారికే అవార్డు దక్కుతుంది. అభిమానుల వాదనలు సాధారణంగా మొదటి గీత దగ్గరే ఆగిపోతాయి. మిగతా నాలుగు గీతలను కూడా అంతే శ్రద్ధతో నింపాలని కూర్చుంటే తప్ప, ఆటగాళ్లను పోల్చడంలో ఉన్న కష్టమూ ఆనందమూ తెలియవు.

ఆ కాగితాన్ని మీ అంతట మీరు నింపుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణకు 2024-25 సీజన్‌ను తీసుకుంటాను. ఓక్లహోమా సిటీ థండర్ జట్టు గార్డ్ (ఎక్కువగా బంతిని నడిపించే ఆటగాడు) షే గిల్జస్-అలెగ్జాండర్, డెన్వర్ నగ్గెట్స్ జట్టు సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) నికోలా యోకిచ్ ఇద్దరిలో ఎవరి పేరును పైన రాసినా తప్పు పట్టలేని సీజన్ అది. పద్ధతి నేర్చుకోవడానికి అలాంటి సీజనే కావాలి. ఏకపక్షంగా సాగిన ఏడాదిలో పద్ధతి లేకపోయినా సరైన పేరే వస్తుంది.

విలువ అంటే ఏమిటో మొదట రాసుకోండి

ఈ అవార్డు పేరులో విలువ అన్న మాట ఉంది గానీ ఆ మాటకు అర్థం ఏమిటో లీగ్ ఎన్నడూ నిర్వచించలేదు. కాబట్టి ఒకరు ఈ సీజన్‌లో అందరికంటే గొప్పగా ఆడినవాడు అనుకుంటారు, ఇంకొకరు అందరికంటే ఎక్కువ గెలుపులకు కారణమైనవాడు అనుకుంటారు, మరొకరు లేకపోతే జట్టు కుప్పకూలిపోయేవాడు అనుకుంటారు. మూడూ న్యాయమైన అర్థాలే, కాని మూడింటికీ మూడు వేర్వేరు పేర్లు రావచ్చు. స్నేహితుల మధ్య గంటల తరబడి సాగే వాదనలను దగ్గరగా వింటే, వాళ్లు ఆటగాళ్ల గురించి కాక ఈ మాట అర్థం గురించి వాదించుకుంటున్నారని, ఆ సంగతి వాళ్లకే తెలియదని అర్థమవుతుంది.

1961-62 సీజన్‌ను చూడండి. విల్ట్ చాంబర్లిన్ ఆటకు సగటున 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (తప్పిన షాట్ తరువాత బంతిని చేజిక్కించుకోవడం) సాధించాడు. ఆస్కార్ రాబర్ట్‌సన్ 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టుల (సహచరుడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌ల) సగటుతో సీజన్ మొత్తానికీ ట్రిపుల్ డబుల్, అంటే మూడింటిలోనూ రెండంకెల సగటు, నమోదు చేశాడు. అవార్డు మాత్రం 18.9 పాయింట్ల సగటు ఉన్న బిల్ రస్సెల్‌కు దక్కింది. అతని బోస్టన్ సెల్టిక్స్ 80 ఆటల్లో 60 గెలిచింది. అప్పట్లో ఓటు వేసినవారు విలేకరులు కారు, ఆటగాళ్లే. 1955-56లో బాబ్ పెటిట్ తొలి అవార్డు అందుకున్ననాటి నుంచి 1979-80 దాకా ఆటగాళ్ల ఓట్లే చెల్లాయి, ఆ తరువాతి సీజన్ నుంచి ఆ హక్కు మీడియా ప్రతినిధులకు మారింది. ఎదురుగా నిలబడి ఆడినవాళ్లు యాభై పాయింట్ల మనిషిని కాదని రస్సెల్‌ను ఎన్నుకున్నారంటే, వాళ్ల మనసులో విలువ అన్న మాటకు ఉన్న అర్థం పాయింట్ల పట్టికలో లేదన్నమాట.

అందువల్ల కాగితం పైభాగాన మీ నిర్వచనాన్ని ఒకే వాక్యంలో రాయండి. సీజన్ సగం దాటకముందే రాయాలి, ఎందుకంటే సీజన్ ముగిసే ఏప్రిల్‌లో రాస్తే అప్పటికే నచ్చిన ఆటగాడికి సరిపోయేలా వాక్యాన్ని కుట్టుకుంటాం. నా కాగితం మీద ఏళ్లుగా ఉన్న వాక్యం ఇది: ఈ సీజన్‌లో తన జట్టు గెలుపులకు అందరికంటే ఎక్కువగా కారణమైన ఆటగాడు. మీది వేరుగా ఉండవచ్చు. ఏదైనా సరే, ఒక ఆటగాడి కోసం దాన్ని మధ్యలో మార్చకండి.

అర్హత లేనివారిని ముందే తీసేయండి

2023-24 సీజన్ నుంచి ఈ అవార్డుకు పరిశీలనలోకి రావాలంటే 82 ఆటల రెగ్యులర్ సీజన్‌లో కనీసం 65 ఆటలు ఆడి ఉండాలి. పేరుకు కోర్టులో అడుగుపెడితే సరిపోదు, ఒక ఆట లెక్కలోకి రావాలంటే కనీసం 20 నిమిషాలు ఆడాలి. 15 నుంచి 20 నిమిషాల మధ్య ఆడిన ఆటలను రెండింటి వరకు కలుపుకోనిస్తారు. సీజన్‌ను ముగించేంత గాయం తగిలినవారికి, అప్పటికే 62 ఆటలు ఆడి, జట్టు ఆటల్లో 85 శాతం పూర్తిచేసి ఉంటే, మినహాయింపు ఉంటుంది.

ఈ ఒక్క నియమంతో జాబితా ఎంత తగ్గిపోతుందో చూడండి. జోయెల్ ఎంబీడ్ 2022-23లో 33.1 పాయింట్ల సగటుతో అవార్డు గెలుచుకుని, మరుసటి ఏడాది అంతకంటే మెరుగ్గా ఆడుతూ మోకాలి గాయంతో 39 ఆటలకే పరిమితమై పోటీకి దూరమయ్యాడు. 2024-25లో విక్టర్ వెంబన్యామా భుజంలో రక్తం గడ్డకట్టడం వల్ల 46 ఆటలతోనే సీజన్ ముగించాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో డల్లాస్ నుంచి లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు మారిన లూకా డాంచిచ్ ఆడినవి 50 ఆటలే. ఈ నియమం 1977-78లో ఉండి ఉంటే, 58 ఆటలు ఆడిన బిల్ వాల్టన్‌కు ఆ ఏటి అవార్డు దక్కేది కాదు. నియమం కఠినమైనదే అయినా నేను దానితో ఏకీభవిస్తాను. టికెట్ కొని, చలిలో పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన ప్రేక్షకుడికి ఆ రాత్రి బెంచ్ మీద మామూలు దుస్తుల్లో కూర్చున్న ఆటగాడి సగటు ఎంతైతే ఏం లాభం?

ఫిబ్రవరి చివరకు మీ జాబితాలోని ప్రతి పేరు పక్కన ఎన్ని ఆటలు తప్పిపోయాయో రాసుకోండి. ఆ సంఖ్య 17 దాటినవారిని, పైన చెప్పిన మినహాయింపు వర్తించకపోతే, కొట్టేయవచ్చు.

గెలుపులను చూడండి, కాని పక్కన ఎవరున్నారో కూడా చూడండి

2024-25లో థండర్ 68 ఆటలు గెలిచి 14 ఓడింది, అందులోనూ ఆటకు సగటున దాదాపు 13 పాయింట్ల తేడాతో ప్రత్యర్థుల కంటే ముందు నిలిచింది. నగ్గెట్స్ 50 గెలిచి 32 ఓడింది, సీజన్ ఇంకా మూడు ఆటలు ఉందనగా కోచ్ మైకేల్ మలోన్‌ను కూడా తొలగించింది. 18 గెలుపుల తేడా చిన్నది కాదు. అయితే ఆ తేడా అంతా ఒక్క ఆటగాడి ఖాతాలో వేయకూడదు. థండర్‌లో లూ డోర్ట్, అలెక్స్ కరూసో, జేలెన్ విలియమ్స్ వంటి డిఫెండర్లు ప్రత్యర్థి గార్డులకు ఊపిరాడనివ్వలేదు, లీగ్ మొత్తంలో అత్యుత్తమ డిఫెన్స్ ఆ జట్టుదే. మరోవైపు, వారి యువ సెంటర్ చెట్ హోమ్‌గ్రెన్ తుంటి గాయంతో 32 ఆటలే ఆడినా జట్టు జోరు తగ్గలేదన్న సంగతిని గిల్జస్-అలెగ్జాండర్ పక్షాన చెప్పుకోవాలి.

చరిత్రను బట్టి చూస్తే ఓటర్లు ఈస్ట్, వెస్ట్ అనే రెండు కాన్ఫరెన్స్‌లలో (లీగ్ విభాగాల్లో) ముందున్న జట్ల నుంచే ఎక్కువగా విజేతలను ఎంచుకున్నారు. మినహాయింపులు లేకపోలేదు. 2016-17లో రస్సెల్ వెస్ట్‌బ్రూక్ 47 గెలుపులతో వెస్ట్‌లో ఆరో స్థానంలో నిలిచిన థండర్ తరఫున గెలిచాడు, 2021-22లో యోకిచ్ 48 గెలుపులతో అదే ఆరో స్థానంలో నిలిచిన నగ్గెట్స్ తరఫున గెలిచాడు. వెస్ట్‌బ్రూక్ సీజన్ సగటు 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు, 10.4 అసిస్టులు కాగా, యోకిచ్ ఒకే సీజన్‌లో 2,000 పాయింట్లు, 1,000 రీబౌండ్లు, 500 అసిస్టులు దాటిన తొలి ఆటగాడయ్యాడు. అంటే జట్టు స్థానం కిందికి లాగుతున్నప్పుడు పైకి ఎత్తడానికి అసాధారణమైన బరువు కావాలన్నమాట.

ఈ దశలో అడగవలసిన ప్రశ్న జట్టు ఎన్ని గెలిచిందన్నది కాదు, ఇదే బృందంలో ఇతని స్థానంలో ఒక మామూలు ఆటగాడు ఉంటే ఎన్ని గెలిచేదన్నది. కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు, అయినా అడగాలి. 2004-05లో ఫీనిక్స్ సన్స్ ముందటి ఏడాది 29 గెలుపుల నుంచి 62 గెలుపులకు ఎగబాకింది, మధ్యలో వచ్చిన పెద్ద మార్పు స్టీవ్ నాష్ రాక. 15.5 పాయింట్ల సగటు మాత్రమే ఉన్న నాష్ ఆ ఏడాది 1,066 ఓటింగ్ పాయింట్లతో, 1,032 వచ్చిన షకీల్ ఓనీల్‌ను దాటి అవార్డు అందుకున్నాడు. ఓటర్లు అడిగింది ఈ ప్రశ్నే అయి ఉంటుందని నా నమ్మకం.

సగటుల కిందకు తవ్వండి

ఇప్పుడు అంకెలు. 2024-25లో గిల్జస్-అలెగ్జాండర్ 76 ఆటల్లో సగటున 32.7 పాయింట్లు, 5 రీబౌండ్లు, 6.4 అసిస్టులు సాధించి లీగ్ స్కోరింగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచాడు. యోకిచ్ 70 ఆటల్లో 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులతో, రాబర్ట్‌సన్, వెస్ట్‌బ్రూక్‌ల తరువాత సీజన్ మొత్తానికి ట్రిపుల్ డబుల్ సగటు సాధించిన మూడో ఆటగాడయ్యాడు. ఆ ముగ్గురిలో సెంటర్ అతనొక్కడే. పాయింట్లలో మూడో స్థానం, రీబౌండ్లలో మూడో స్థానం, అసిస్టులలో రెండో స్థానం ఒకే మనిషివి కావడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

అయితే క్రికెట్ చూసే తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు, పరుగులు ఎన్ని అన్నదాంతో పాటు ఎన్ని బంతుల్లో అన్నది కూడా చూడాలి. బాస్కెట్‌బాల్‌లో దానికి సమానమైన కొలత ట్రూ షూటింగ్ శాతం. దీన్ని మీరే లెక్కించవచ్చు. ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి, దానికి షాట్ల సంఖ్య కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, ఆ మొత్తంతో పాయింట్లను భాగించండి. ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటలుగా వస్తాయి గానీ కొన్ని సార్లు బాస్కెట్ పడ్డాక అదనంగా ఒకటే వస్తుంది, అందుకే సగం కంటే కాస్త తక్కువగా 0.44 పెట్టారు.

గిల్జస్-అలెగ్జాండర్ ఆటకు 21.8 షాట్లు, 8.8 ఫ్రీ త్రోలు వేశాడు. 8.8ని 0.44తో గుణిస్తే సుమారు 3.9. దానికి 21.8 కలిపితే 25.7, రెట్టింపు చేస్తే 51.4. ఇప్పుడు 32.7ని 51.4తో భాగిస్తే దాదాపు 0.637, అంటే 63.7 శాతం. యోకిచ్‌కు 19.5 షాట్లు, 6.4 ఫ్రీ త్రోలు. అదే లెక్క వేస్తే 66.3 శాతం వస్తుంది. ఇద్దరివీ గొప్ప అంకెలే. గిల్జస్-అలెగ్జాండర్ ఎక్కువ భారం మోశాడు, యోకిచ్ మోసిన భారంలో తక్కువ వృథా చేశాడు. ఒకసారి చేత్తో ఈ లెక్క వేసి చూడండి. వెబ్‌సైట్‌లో సిద్ధంగా కనిపించే శాతం కంటే మీరు వేసిన లెక్క ఎక్కువకాలం గుర్తుంటుంది.

తరువాత వేగాన్ని సరిచూడండి. వేర్వేరు కాలాల ఆటగాళ్లను పోల్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం. చాంబర్లిన్ 50.4 పాయింట్ల సీజన్‌లో అతను ఆటకు సగటున 48.5 నిమిషాలు కోర్టులోనే ఉన్నాడు. ఆట నిడివే 48 నిమిషాలు కాబట్టి, అదనపు సమయాలతో సహా అతను దాదాపు విశ్రాంతి లేకుండా ఆడాడని అర్థం. అప్పటి ఆట కూడా చాలా వేగంగా సాగేది, షాట్లు ఎక్కువగా వేసేవారు, తప్పిన షాట్లు ఎక్కువ కాబట్టి రీబౌండ్లూ ఎక్కువగా దొరికేవి. అందుకే నేటి విశ్లేషకులు ఆటకు ఇన్ని అనకుండా వంద పొసెషన్లకు (జట్టు చేతికి బంతి వచ్చిన వంద సార్లకు) ఇన్ని అని లెక్కిస్తారు. ఒకే సీజన్‌లోని ఆటగాళ్లను పోల్చేటప్పుడు తేడా అంత పెద్దగా ఉండదు, అయినా నిమిషాలను మాత్రం తప్పక చూడండి. థండర్ చాలా ఆటలను మూడో క్వార్టర్‌కే ముగించేసేది కాబట్టి గిల్జస్-అలెగ్జాండర్ నాలుగో క్వార్టర్‌లో బెంచ్ మీద కూర్చున్న రాత్రులు తక్కువేమీ కావు. అతను ఆటకు 34 నిమిషాలు, యోకిచ్ దాదాపు 37 నిమిషాలు ఆడారు.

ఒకే అంకెలో అన్నీ ఇమిడ్చే కొలతలు కూడా ఉన్నాయి. విశ్లేషకుడు జాన్ హాలింజర్ రూపొందించిన పీఈఆర్ అనే సామర్థ్య కొలతలో లీగ్ సగటు ఎప్పుడూ 15 ఉండేలా అమర్చారు. బీపీఎం అనే కొలత సగటు ఆటగాడితో పోలిస్తే వంద పొసెషన్లకు ఇతను ఎన్ని పాయింట్లు అదనంగా తెచ్చాడో అంచనా వేస్తుంది. 2024-25లో ఈ రెండింటిలోనూ యోకిచ్‌దే పైచేయి. వాటిని చూడండి, కాని చివరి తీర్పు వాటికి అప్పగించకండి. ఈ రెండూ ప్రధానంగా పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) వంటి నమోదైన గణాంకాల నుంచి తయారవుతాయి. ప్రత్యర్థి అసలు షాట్ వేయకుండా చేసిన డిఫెండర్ శ్రమకు ఆ పట్టికలో గడి లేదు.

ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు పాయింట్ల తేడా ఎలా మారిందో చెప్పే ఆన్-ఆఫ్ లెక్క ఇంకా ఆసక్తికరమైనది, ఇంకా ప్రమాదకరమైనది కూడా. యోకిచ్ ఉన్నంతసేపు డెన్వర్ లీగ్‌లోని మేటి జట్లలో ఒకటిలా, అతను కూర్చోగానే చివరి స్థానాల జట్టులా ఆడింది. ఇది అతని గొప్పతనమే, సందేహం లేదు. అయితే అందులో కొంత భాగం డెన్వర్ రిజర్వ్ ఆటగాళ్ల బలహీనత కూడా. బలమైన బెంచ్ ఉన్న జట్టులోని ఆటగాడు ఆ లెక్కలో ఎప్పుడూ చిన్నగా కనిపిస్తాడు.

కాగితం పక్కన పెట్టి ఆట చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు ఇదే. ఇండియాలో ఉన్న తెలుగువారికి ఇది కొంచెం త్యాగంతో కూడిన పనే. శీతాకాలంలో ఓక్లహోమా సిటీలో రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట మనకు ఉదయం 6.30కు, డెన్వర్‌లో రాత్రి 7కు మొదలయ్యేది 7.30కు వస్తుంది. పిల్లల టిఫిన్ డబ్బాలు, ఆఫీసు క్యాబ్ మధ్య పూర్తి ఆట చూడటం అందరికీ సాధ్యం కాదు. అలాంటివారు హైలైట్ల బదులు ఒకే ఆటలోని ఒకే క్వార్టర్‌ను పూర్తిగా చూడండి. హైలైట్లలో పడిన షాట్లే ఉంటాయి. పడని షాట్, ఇవ్వని పాస్, ఆలస్యంగా వెనక్కి పరుగెత్తిన అడుగు అందులో కనిపించవు.

చూసేటప్పుడు కళ్లు బంతి వెంట పరుగెత్తకుండా, ఒక క్వార్టర్ పాటు మీరు పరిశీలిస్తున్న ఆటగాడి మీదే నిలపండి. యోకిచ్ విషయంలో ఇలా చేస్తే మొదట నిరాశ కలుగుతుంది. అతను వేగంగా పరుగెత్తడు, ఎత్తుకు ఎగరడు. ఫ్రీ త్రో గీత మూల దగ్గర రింగుకు వీపు పెట్టి బంతి అందుకుంటాడు, రెండు చేతులతో తలపైకి ఎత్తిపట్టుకుంటాడు, అంతే, కదలడు. కదిలేది మిగతా నలుగురు. ఒకడు అతని భుజాన్ని రాసుకుంటూ రింగు వైపు దూసుకుపోతాడు, ఇంకొకడు మూలకు జారుకుంటాడు, అతన్ని కాస్తున్న డిఫెండర్ తల ఒక్క క్షణం పక్కకు తిరుగుతుంది. ఆ క్షణానికే, కొన్నిసార్లు అటు చూడకుండానే, బంతి దూసుకుపోయినవాడి అరచేతిలో ఉంటుంది. స్కోరు పుస్తకంలో అది ఒక అసిస్టు. కాని అదే పాస్ భయంతో డిఫెండర్లు అతని నుంచి దూరం జరిగినప్పుడు అతను వేసుకునే తేలికైన షాట్ కూడా ఆ పాస్ సంపాదించిపెట్టినదే, ఆ సంగతి ఏ గడిలోనూ నమోదు కాదు.

గిల్జస్-అలెగ్జాండర్‌ను చూసేటప్పుడు అతని పాదాలను చూడండి. లీగ్‌లో అందరికంటే వేగవంతుడు కాకపోయినా, ఏళ్ల తరబడి రింగు వైపు డ్రైవ్ చేయడంలో అతను ముందువరుసలో ఉంటున్నాడు. రహస్యం వేగంలో లేదు, ఆగడంలో ఉంది. భుజం వంచి లోపలికి దూసుకుపోతున్నట్టు రెండడుగులు వేసి, డిఫెండర్ బరువు వెనక్కి వాలిందని తెలియగానే ఉన్నచోటే నిలిచిపోయి పదీ పదిహేను అడుగుల దూరం నుంచి షాట్ వేస్తాడు. డిఫెండర్ ఆగితే ఇతను సాగిపోతాడు, సాగితే ఇతను ఆగిపోతాడు. ఆ మధ్యలో తగిలే చేతుల వల్ల వచ్చే ఫ్రీ త్రోల గురించి విమర్శలు ఉన్నాయి. ఆటకు 8.8 ఫ్రీ త్రోలన్నది పెద్ద సంఖ్యే అయినా, ప్రత్యర్థి బరువు ఎటు వాలిందో చదవగలగడం కూడా ఒక విద్యేనని నేను భావిస్తాను. ఇక డిఫెన్స్ వైపు అతను ఆటకు సుమారు 1.7 స్టీల్స్, ఒక బ్లాక్ (ప్రత్యర్థి షాట్‌ను గాలిలోనే అడ్డుకోవడం) సాధించాడు, గార్డ్‌కు ఆ బ్లాక్‌ల సంఖ్య అరుదు.

ఒక్కో ఆటగాడివి కనీసం మూడు ఆటలు చూడండి. ఒకటి బలమైన జట్టు మీద, ఒకటి ప్రత్యర్థి సొంత కోర్టులో, ఒకటి వరుసగా రెండో రోజు ఆడవలసి వచ్చినది. అలసిన కాళ్లతో డిఫెన్స్‌లోకి ఎంత త్వరగా తిరిగొస్తున్నాడో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. చివరి 5 నిమిషాల్లో స్కోరు తేడా 5 పాయింట్లు లేదా అంతకంటే తక్కువగా ఉన్న సమయాన్ని ఎన్‌బీఏ క్లచ్ అంటుంది. అప్పుడు ప్రత్యర్థి ఇద్దరిని అతని మీదకు పంపితే బంతి ఎటు వెళుతోంది, వెళ్లాక మంచి షాట్ వస్తోందా లేదా అన్నది రాసుకోండి.

పోటీదారులిద్దరూ ఎదురుపడే ఆటలుంటే వదులుకోకండి, అలాగని వాటినే కొలబద్దగా చేసుకోకండి. 2025 మార్చి 9, 10 తేదీల్లో ఓక్లహోమా సిటీలో వరుసగా రెండు రోజులు థండర్, నగ్గెట్స్ తలపడ్డాయి. మొదటి రోజు గిల్జస్-అలెగ్జాండర్ 40 పాయింట్లతో థండర్ 127-103 తేడాతో గెలిచింది. మరునాడు యోకిచ్ 35 పాయింట్లు, 18 రీబౌండ్లతో నగ్గెట్స్ 140-127తో బదులు తీర్చుకుంది. ఏ ఒక్క రోజునే చూసినవారికైనా తీర్పు స్పష్టంగా కనిపించి ఉంటుంది, రెండు రోజులూ చూసినవారికి మాత్రం మళ్లీ మొదటికే వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు, మార్చి 7న, ఫీనిక్స్ మీద యోకిచ్ 31 పాయింట్లు, 21 రీబౌండ్లు, 22 అసిస్టులు సాధించాడు. ఎన్‌బీఏ చరిత్రలో ఒకే ఆటలో 30, 20, 20 దాటినవాడు అతనే మొదట. అయినా అది 82 ఆటల్లో ఒకటి.

కథల బరువును తీసేసి తూచండి

ప్రతి సీజన్‌కూ ఒక కథ పుడుతుంది. ఈసారి ఇతనికి రావాలి, అతనికి ఇప్పటికే చాలా వచ్చాయి కదా, అన్న మాట ఆ కథల్లోకెల్లా పాతది. 1996-97లో మైకేల్ జోర్డాన్ చికాగో బుల్స్ 69 గెలిచింది, కార్ల్ మలోన్ యూటా జాజ్ 64 గెలిచింది. అవార్డు 986-957 ఓటింగ్ పాయింట్ల తేడాతో మలోన్‌కు వెళ్లింది. మలోన్ గొప్పగా ఆడాడు, కాని అప్పటికి నాలుగు అవార్డులు అందుకున్న జోర్డాన్‌ను చూసి చూసి ఓటర్లు అలసిపోయారన్న మాట నేటికీ వినిపిస్తుంది. వరుసగా మూడుసార్లు ఈ అవార్డు గెలిచినవారు రస్సెల్, చాంబర్లిన్, లారీ బర్డ్ ముగ్గురే, వరుసగా నాలుగోసారి ఎవరికీ రాలేదు. కరీం అబ్దుల్ జబ్బార్ ఆరుసార్లు గెలిచినా వరుసగా రెండుకు మించలేదు.

దీనికి నేను పాటించే చిట్కా ఒకటుంది. పోటీదారుల అంకెలను, పేర్లు లేకుండా, ఆటగాడు క, ఆటగాడు చ, ఆటగాడు ట అని వేరే కాగితం మీద రాసి ఒక రోజంతా పక్కన పెట్టి, మరునాడు చదువుతాను. యోకిచ్ 2024-25 అంకెలు ఒక ఇరవై రెండేళ్ల కుర్రవాడివై ఉంటే మనం ఎంత సంబరపడేవాళ్లమో ఆలోచించండి. అప్పటికే మూడు అవార్డులు ఉన్నాయన్న కారణంతో ఆ ఏటి అతని ఘనతను మామూలుగా తీసుకోవడం అన్యాయం.

రెగ్యులర్ సీజన్ తరువాత టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌ను కూడా లెక్కలోంచి తీసేయండి. ఓటింగ్ రెగ్యులర్ సీజన్ ముగియగానే, ప్లేఆఫ్స్ మొదలుకాకముందే పూర్తవుతుంది, ప్రకటన మాత్రం వారాల తరువాత వస్తుంది. 2025లో థండర్ రెండో రౌండ్‌లో నగ్గెట్స్‌ను ఏడు ఆటల సిరీస్‌లో ఓడించిన తరువాత, మే 21న గిల్జస్-అలెగ్జాండర్ పేరు ప్రకటించారు. ఆ సిరీసే అవార్డును తేల్చిందని చాలామంది అనుకున్నారు. నిజానికి ఆ సిరీస్‌లో తొలి బంతి పైకి ఎగిరేనాటికే బ్యాలెట్లు లీగ్ కార్యాలయానికి చేరిపోయాయి.

గీతలు నింపండి

ఇక కాగితం ముందుకు లాక్కుని, పైన రాసుకున్న వాక్యాన్ని ఒకసారి బయటికి చదవండి. నా వాక్యం గెలుపులకు ఎక్కువగా కారణమైన ఆటగాడు అంటోంది కాబట్టి, 2024-25కు నేను మొదటి గీత మీద గిల్జస్-అలెగ్జాండర్ పేరు రాశాను. ఆరు ఆటలు ఎక్కువ ఆడాడు, కోర్టు రెండు చివర్లా తన పని చేశాడు, 68 గెలుపుల జట్టుకు ప్రతి రాత్రీ మొదటి దెబ్బ అతనిదే. లేకపోతే జట్టు కూలిపోయేవాడు అని మీ వాక్యం చెబితే, మీరు యోకిచ్ పేరు రాయాలి, దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మూడో గీతకు యానిస్ అడెటోకున్‌బో. 67 ఆటల్లో 30.4 పాయింట్లు, 11.9 రీబౌండ్లు, 6.5 అసిస్టులు, జట్టు 48 గెలుపులు. పై ఇద్దరూ లేని ఏడాదైతే అతను మొదటి గీతకు చేరేవాడు. నాలుగో గీతకు 61 గెలుపుల సెల్టిక్స్ నుంచి జేసన్ టేటమ్. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఐదో గీతకే. క్లీవ్‌ల్యాండ్ కావలియర్స్ 64 ఆటలు గెలిచింది, వారి ముఖ్య ఆటగాడు డొనోవన్ మిచెల్ సగటు మాత్రం 24 పాయింట్లే. కొత్త కోచ్ పద్ధతిలో యువ సహచరులకు బంతి ఎక్కువగా చేరేలా తన షాట్లను తగ్గించుకున్న ఆటగాడిని, ఆ తగ్గింపు వల్లే తక్కువ చేసి చూడటం సబబా? నా వాక్యం ప్రకారం కాదు. అతని పేరు రాశాను.

ప్రకటన వచ్చాక మొత్తం పాయింట్లను తీసుకుని చదవండి. ఆ ఏడాది 100 మంది ఓటర్లలో 71 మంది మొదటి స్థానంలో గిల్జస్-అలెగ్జాండర్ పేరును, 29 మంది యోకిచ్ పేరును రాశారు. మొత్తాలు 913, 787. ఇప్పుడు లెక్క వేయండి. 71ని 10తో గుణిస్తే 710, మిగిలిన 29ని 7తో గుణిస్తే 203, కలిపితే సరిగ్గా 913. యోకిచ్‌కు 290, 497 కలిపితే సరిగ్గా 787. అంటే వంద మందిలో ఒక్కరు కూడా వీరిద్దరిలో ఎవరినీ మూడో స్థానానికి దించలేదు. 2015-16లో 73 గెలుపుల గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ 131 మొదటి స్థానాలూ తానే గెలుచుకుని చరిత్రలో ఏకైక ఏకగ్రీవ విజేత అయ్యాడు. 2024-25లో ఏకగ్రీవమైనది ఒక పేరు కాదు, ఒక జంట.

లీగ్ ఆ తరువాత ఏ ఓటరు ఎవరికి ఏ స్థానం ఇచ్చారో కూడా బయటపెడుతుంది. మీ కాగితంతో పోల్చుకుని, మీ ఐదో పేరుతో సరిపోయిన బ్యాలెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. సరిపోనివాటిలో ఒకటి రెండు తీసుకుని, ఆ ఓటరు తన కాగితం పైన ఏ వాక్యం రాసుకుని ఉంటే ఆ ఐదు పేర్లు అదే వరుసలో వస్తాయో ఊహించి, దాన్ని మీ కాగితం వెనుక రాసిపెట్టుకోండి. అక్టోబరులో కొత్త సీజన్ మొదలయ్యేటప్పుడు, మీ వాక్యాన్ని అలాగే ఉంచాలా, మార్చాలా అని ఆలోచించడానికి అది ఎదురుగా ఉండాలి.